మానని ప్రార్థన: పునీత మోనికమ్మ గారు



గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్లి మొక్కుకున్నాం, నవదిన ప్రార్థనలు చేశాం, అయినా ఇంటాయన తాగుడు మానలేదు, కొడుకు గుడి గడప తొక్కడం లేదు అని నిట్టూర్చే తల్లులు మన విచారణలలో ఎందరో ఉన్నారు. అటువంటి ఒక తల్లి జీవితాన్ని ఈ వారం తలచుకుందాం.

పునీత మోనికమ్మ గారు నేటి అల్జీరియా దేశంలోని తగాస్తే పట్టణంలో, క్రీ.శ. 331 ప్రాంతంలో క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. భర్త పత్రీసియుస్ క్రైస్తవుడు కాడు. ముక్కోపి, పరస్త్రీ వ్యామోహం కలవాడు. అతని కోపం చల్లారాకే ఆమె మాట్లాడేవారు. ప్రార్థన మాత్రం మానలేదు. చనిపోవడానికి కొద్దికాలం ముందు అతడు జ్ఞానస్నానం పొందాడు.

అంతకు మించిన వేదన కొడుకు అగస్టీను వల్ల వచ్చింది. 354లో పుట్టిన ఆ బిడ్డ గొప్ప తెలివిగలవాడు. కార్తేజు నగరంలో చదువుకుంటూ, పెళ్లి లేకుండానే ఒక స్త్రీతో కాపురం పెట్టాడు. 19 ఏళ్ల వయసులో మానికేయుల మతంలో చేరాడు. తల్లి ఒక పీఠాధిపతి వద్దకు వెళ్లి, తన కొడుకుతో వాదించి మార్చమని బతిమాలారు. చిన్నతనంలో ఆ మతంలోనే పెరిగిన ఆయన, ఇప్పుడు వాదన పనిచేయదని, ప్రార్థన మానవద్దని చెప్పి పంపారు.

383లో అగస్టీను రోముకు పయనమయ్యాడు. వద్దంటూ తల్లి రేవు దాకా వెంట వెళ్లారు. స్నేహితుణ్ణి సాగనంపాలని అతడు అబద్ధం చెప్పి, ఆమెను దగ్గరలోని పునీత సిప్రియాను గుడిలో ఉంచి, రాత్రికి రాత్రే ఓడ ఎక్కాడు. కొడుకు వెళ్లకూడదని ఆమె ఆ రాత్రంతా ఏడుస్తూ ప్రార్థించారు. తెల్లవారేసరికి ఓడ లేదు.

దేవుడు ఆ తల్లి మొర వినలేదంటారా? అగస్టీను రోము నుంచి మిలాను వెళ్లాడు. అక్కడ అంబ్రోసు పీఠాధిపతుల ప్రసంగాలు అతని మనసును కదిలించాయి. ఆమె ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇవ్వడానికే, ఆ రాత్రి అడిగినదాన్ని దేవుడు ఇవ్వలేదు. ఈ సంగతి తర్వాత అగస్టీనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

అది ఆ ఉదయం ఆమెకు తెలియదు. తెలియకుండానే ప్రార్థన కొనసాగించారు. 385లో సముద్రం దాటి మిలానులో కొడుకును చేరుకున్నారు. 387 ఏప్రిల్ 24న, పాస్కా జాగరణ రాత్రి, అగస్టీను అంబ్రోసు వారి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు.

అదే ఏడాది స్వదేశానికి తిరిగి వెళ్తూ వారు ఓస్తియా రేవులో ఆగారు. మన అంతర్వేది దగ్గర గోదావరిలా, తైబరు నది సముద్రంలో కలిసే చోటది. అక్కడే జ్వరం వచ్చి మోనికమ్మ గారు 56వ ఏట కన్నుమూశారు. తన దేహాన్ని ఎక్కడ పాతిపెట్టినా చింతలేదని, దివ్యబలిపీఠం వద్ద మాత్రం తనను తలచుకోవాలని బిడ్డలను కోరారు. ఆగస్టు 27న శ్రీసభ ఆమె పండుగను, మర్నాడు అగస్టీను వారి పండుగను జరుపుకుంటుంది.

అమ్మా, మీ బిడ్డ గల్ఫులోనో హైదరాబాదులోనో దేవుణ్ణి మరచి ఉన్నాడా? ఈ రాత్రి అతని పేరిట జపమాల చెప్పండి. రేపటికి ఏమీ మారకపోతే, రేపు రాత్రి మళ్లీ చెప్పండి.