నాదయోగి బీథోవెన్

లుడ్విగ్ వాన్ బీథోవెన్ జర్మనీ దేశంలో రైన్ నదీతీరాన గల బాన్ నగరంలో జన్మించాడు. 1770 డిసెంబరు 17న అతనికి జ్ఞానస్నానం జరిగినట్లు చర్చి దస్త్రాలలో ఉంది. జన్మదినం మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. తాత ఆస్థాన సంగీత విభాగానికి అధిపతి. తండ్రి యోహాన్ అదే ఆస్థానంలో గాయకుడు. కుమారుని ప్రతిభను గుర్తించిన తండ్రి పసితనం నుండే అతనికి కఠోరమైన శిక్షణ ఇచ్చాడు. కాని మద్యపానానికి బానిసై కుటుంబాన్ని నిర్లక్ష్యం చేశాడు. 1787లో తల్లి క్షయవ్యాధితో కన్నుమూసింది. పదహారేళ్ల ప్రాయంలోనే ఇంటి భారం, ఇద్దరు తమ్ముళ్ల పోషణ బీథోవెన్ భుజాలపై పడ్డాయి.

1792లో అతడు వియన్నా నగరం చేరి, సుప్రసిద్ధ స్వరకర్త హేడన్ వద్ద శిష్యరికం చేశాడు. అచిరకాలంలోనే పియానో వాదనలో అతనికి సాటి లేరన్న ఖ్యాతి వచ్చింది. ముందుగా రచించుకోకుండా అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లుకుంటూ పోయే అతని వాదన విని ప్రభువులు సైతం కన్నీరు పెట్టేవారట. 1800లో మొదటి సింఫనీ ప్రదర్శితమైంది. కీర్తి, ధనం, ఆదరణ ఒక్కసారిగా అతనిని వరించాయి.

ఆ వైభవం వెనుక ఒక రహస్యం దాగి ఉంది. సుమారు 1798 నుండి అతని వినికిడి మందగించసాగింది. చెవులలో రేయింబవళ్లు ఎడతెగని హోరు. నాటకశాలలో వాద్యబృందానికి అతి సమీపంలో కూర్చుంటే తప్ప మాటలు తెలిసేవి కావు. దూరం నుండి వచ్చే తారస్థాయి స్వరాలు అసలే వినిపించేవి కావు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే ధ్వని వినబడేది గాని మాట అర్థమయ్యేది కాదు. పోనీ అరిస్తే, అది దుర్భరంగా తోచేది.

ఈ లక్షణాలు నేటి వైద్యులకు సుపరిచితాలు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగంలో వేలాది సూక్ష్మ రోమకణాలు ఉంటాయి. అవి ధ్వనితరంగాలను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు అందిస్తాయి. సాధారణంగా తారస్థాయిని గ్రహించే కణాలే ముందు నశిస్తాయి. నశించినవి మనిషిలో మళ్లీ పుట్టవు. స, శ, త వంటి హల్లులు ఆ పైస్థాయి ధ్వనులపైనే ఆధారపడి ఉంటాయి. అందువలన అచ్చులు వినిపించి హల్లులు జారిపోతాయి. శబ్దం ఉంటుంది, అర్థం ఉండదు.

చెవిటివాడనన్న సంగతి లోకానికి తెలిస్తే తన సంగీత జీవితం ఏమవుతుందోనని అతడు భయపడ్డాడు. విందులకు, సభలకు వెళ్లడం మానుకున్నాడు. పలకరిస్తే పలకని అతనిని చూసి గర్విష్ఠి అన్నారు, కోపిష్ఠి అన్నారు. చెవి మందగించినవారికి నేటికీ తప్పని నింద ఇది! 1801లో చిన్ననాటి మిత్రుడు, వైద్యుడు అయిన వెగెలర్‌కు ఉత్తరంలో తన గోడు వెళ్లబోసుకున్నాడు. వైద్యులు చన్నీటి స్నానాలు, డాన్యూబ్ నదీజలాల వెచ్చని స్నానాలు, చెవులలో బాదం నూనె ప్రయోగించారు. చేతులపై బొబ్బలు లేపే ఒక చెట్టు బెరడు సైతం కట్టారు. ఫలితం శూన్యం.

1802లో వైద్యుని సలహాపై అతడు హైలిగెన్‌స్టాట్ అనే ప్రశాంత గ్రామంలో నివసించాడు. అక్కడ పక్కనున్నవారు ఎక్కడి నుండో వస్తున్న పిల్లనగ్రోవి పాట విని ఆనందిస్తుంటే, తనకు ఏమీ వినిపించకపోవడం అతని గుండెను కోసింది. ఆ అక్టోబరులో తమ్ముళ్లను ఉద్దేశించి సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. బ్రతుకు చాలించాలన్న తలంపు తనను ఎంత దగ్గరగా తాకిందో, ఇంకా వెలికిరాని సంగీతమే తనను ఎలా ఆపిందో అందులో వివరించాడు. లేఖను ఎవరికీ పంపలేదు.

గ్రామం నుండి మరలి వచ్చిన బీథోవెన్ వేరొక బీథోవెన్. 1803, 1804లలో ‘ఎరోయికా’ సింఫనీని రచించాడు. 1808లో ఐదవ, ఆరవ సింఫనీలను ఒకే సభలో లోకానికి వినిపించాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బిడ్డకు పుట్టుకతోనో, మాటలు రాకముందో వినికిడి పోయి, సకాలంలో వినికిడి యంత్రమో సంజ్ఞాభాషో అందకపోతే భాషకే ద్వారం మూసుకుపోతుంది. మెదడువాపు జ్వరాలు, తట్టు, తల్లికి గర్భంలో సోకే రుబెల్లా, నిర్లక్ష్యం చేసిన చీము చెవి ఇందుకు కారణాలు కావచ్చు. బీథోవెన్‌కు ఆ గతి పట్టలేదు. సంగీతమంతా అతని మనస్సులో స్థిరపడిన తరువాతనే చెవులు మూతపడ్డాయి. వాద్యం ముట్టకుండానే స్వరాలను అతడు మనసులో వినగలిగేవాడు.

వాయించడం మాత్రం సాధ్యపడలేదు. 1814లో ఒక త్రయం సాధన చేస్తుండగా అతడు బలమైన చోట తంత్రులు గణగణలాడేలా మోదాడనీ, మృదువైన చోట స్వరాలే పలకనంత మెల్లగా తాకాడనీ సమకాలిక సంగీతకారుడు స్పోర్ వ్రాశాడు. ఆ తరువాత అతడు సభలలో వాయించడం దాదాపు విరమించాడు. మెల్ట్‌సెల్ అనే యంత్రనిపుణుడు చేసి ఇచ్చిన లోహపు శ్రవణనాళాలు కొంతకాలం తోడ్పడ్డాయి. 1818 నుండి వచ్చినవారు తాము చెప్పదలచింది పుస్తకంలో వ్రాసి చూపేవారు. అతడు నోటితో బదులు చెప్పేవాడు. అటువంటి పుస్తకాలు నేడు సుమారు 140 మిగిలి ఉన్నాయి. ప్రశ్నలున్నాయి, జవాబులు చాలావరకు లేవు.

1824 మే 7న వియన్నాలో తొమ్మిదవ సింఫనీ తొలిసారి ప్రదర్శితమైంది. వాద్యబృందంతో మానవకంఠాలను మేళవించిన మహారచన అది. సంచాలకుడు ఉమ్లాఫ్. బీథోవెన్ పక్కనే నిలిచి తాళగతిని సూచిస్తున్నాడు. చప్పట్లు మిన్నుముట్టినా అతడు సభకు వీపు పెట్టి వ్రాతప్రతి వంకే చూస్తున్నాడు. అప్పుడు గాయని కరోలిన్ ఉంగర్ అతనిని మెల్లగా సభవైపు త్రిప్పింది. గాలిలో ఎగురుతున్న టోపీలు, రుమాళ్లు అతనికి కనిపించాయి.

1827 మార్చి 26న బీథోవెన్ మరణించాడు. మరునాడు శరీరాన్ని పరీక్షించిన వైద్యుడు శ్రవణనాడులు ముడుచుకొని సన్నబడి ఉన్నాయని వ్రాశాడు. 2023లో శాస్త్రజ్ఞులు అతని తలవెంట్రుకల నుండి జన్యుపటాన్ని రూపొందించారు. కాలేయవ్యాధికి ఆధారాలు దొరికాయి గాని, చెవిటితనానికి జన్యుకారణం కనిపించలేదు. 2024లో అవే వెంట్రుకలలో సీసం సాధారణం కంటే అనేక రెట్లు ఉన్నట్లు తేలింది. ఎవరికీ పంపని ఆ హైలిగెన్‌స్టాట్ లేఖ అతని మరణానంతరం కాగితాల మధ్య బయటపడి, అదే ఏడు అక్టోబరులో అచ్చయింది. గర్విష్ఠి అని నిందించిన లోకానికి అప్పుడు అది అందుబాటులోకి వచ్చింది.