మంచు సీమల నుండి మన చెరువుల దాకా: పక్షిశాస్త్రవేత్త సలీం అలీ

మన దేవరకొండలో మంచు కురవదు. పుష్యమాసపు వేకువలో కోటగుట్టలను పొగమంచు కమ్ముకొని, ఎండ పొడ సోకగానే విడిపోతుంది. మన సీమ ఎరిగిన శీతకాలమంతా ఇంతే. అయినను మంచుదేశాల నుండి మన తెలంగాణా చెరువులకు ఏటేటా అతిథులు వస్తూనే ఉన్నారు. తలపై రెండు నల్లని అడ్డచారలు గల పెద్దబాతులు, మన పల్లెల్లో బాపనబాతు అని పిలిచే చక్రవాకాలు అట్టి అతిథులలోనివి. అవి ఎక్కడివో, ఏల వస్తాయో మన దేశీయులకు శాస్త్రీయంగా తెలియజెప్పుటకు ఒక జీవితకాలమంతా వెచ్చించిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ. ఆయన జీవితాన్ని మా విద్యార్థి సోదరీసోదరులకు పరిచయం చేయ సంకల్పించాము.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఇంట ఆయనే కడగొట్టువాడు. ఏడాది నిండగానే తండ్రిని, మూడేళ్ళ ప్రాయంలో తల్లిని పోగొట్టుకొన్నారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను చేరదీసి పెంచారు. మేనమామ వేటగాడు. మేనల్లునికి ఒక చిన్న గాలి తుపాకి బహూకరించారు. పదేళ్ళ వయసులో ఆ బాలుడు పిచ్చుక నొకదానిని కొట్టి చూడగా, దాని కంఠాన పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అది మామూలు పిచ్చుక కాదు. మరి ఏ పక్షి? మేనమామకు తెలియలేదు. ఆయన పిల్లవానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపించారు. కార్యదర్శి మిల్లార్డ్ ఆ పక్షిని గుర్తించి, సంఘంలో భద్రపరచిన పక్షుల నమూనాలను ఒక్కొక్క అర తెరిచి చూపించారు. చంపుటకు తుపాకి పట్టిన చేయి, తెలుసుకొనుటకు కలము పట్టుటకు ఆ దినమే నాంది పలికింది.

చదువులో మాత్రం ఆయన చురుకైనవారు కారు. కళాశాల విద్య సగంలోనే ఆగిపోయింది. కుటుంబ వ్యాపారాన్ని చూచుకొనుటకు బర్మాలోని టవోయ్‌కి వెళ్ళారు. అక్కడ గనుల లెక్కల కంటె అడవిలోని పక్షులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో తిరిగివచ్చి, 1918 డిసెంబరులో తెహ్మినా బేగంను వివాహమాడారు. విశ్వవిద్యాలయపు పట్టా లేనందున భారత జంతుశాస్త్ర సర్వేక్షణ శాఖలో ఉద్యోగం లభించలేదు. 1926లో బొంబాయి వస్తు ప్రదర్శనశాలలో సందర్శకులకు వివరించే చిన్న కొలువు దొరికింది. సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ఆచార్య స్ట్రెస్‌మాన్ వద్ద పక్షిశాస్త్రం అభ్యసించారు. 1930లో స్వదేశం చేరేసరికి, నిధులు లేవని ఆ చిన్న కొలువు కూడా రద్దయి ఉంది.

ముప్పదిమూడేళ్ళ వయస్సు, చేతిలో పట్టా లేదు, నెలజీతం లేదు. మరొకరైతే నిస్పృహ చెందేవారు. సలీం అలీ బొంబాయికి ఆవల, సముద్రతీరాన గల కిహీం గ్రామం చేరి, అక్కడి చెట్టుపై గూళ్ళల్లుతున్న గిజిగాళ్ళను నెలల తరబడి గమనించారు. మగపక్షి సగం గూడు అల్లి ఆడపక్షికి చూపునని, ఆమె మెచ్చి ప్రవేశించిన పిమ్మటనే దానిని పూర్తిచేయునని, ఆ వెంటనే మరొక గూటికి పునాది వేయునని ఆయన కనుగొన్నారు. ఆ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది గాని అన్నం పెట్టలేదు.

ఇక్కడనే ఆయన కథ మన ప్రాంతంలో అడుగుపెడుతుంది. సంస్థానాలలోని పక్షిజాతులను క్రమబద్ధంగా లెక్కించినవారు అప్పటికి లేరు. తమకు వేతనం అక్కరలేదు, ప్రయాణపు ఖర్చులు, గుడారాల వసతి కల్పిస్తే చాలునని సలీం అలీ ప్రతిపాదించారు. నిజాం ప్రభుత్వం అందుకు అంగీకరించింది. 1931-32లో హైదరాబాదు రాజ్యపు పక్షుల సర్వేక్షణ జరిగింది. మన దేవరకొండ నుండి డిండి దాటి శ్రీశైలం బాట పట్టినవారికి మన్ననూరు, ఫరహాబాదు తగులుతాయి. నాటి మహబూబ్‌నగర్ జిల్లాకు చెంది, నేడు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఆ అమరాబాదు పీఠభూమి, చెంచుల నివాసభూమి. ఆ అడవులలో సలీం అలీ విడిది చేసి పక్షులను పరిశీలించారు. తెహ్మినా బేగం విడుదులలో ఆయన వెంటనే ఉన్నారు. సంపన్న గృహంలో పెరిగిన ఆ ఇల్లాలు గుడారపు బ్రతుకును సంతోషంగా స్వీకరించారు.

ఈ సర్వేక్షణ ఫలితాలు బొంబాయి సంఘపు పత్రికలో భాగములుగా వెలువడ్డాయి. వాటికి శాస్త్రీయ వ్యాఖ్య సమకూర్చినవారు హ్యూ విస్లర్ అనే ఆంగ్లేయ పోలీసు అధికారి. అంతకు మునుపు ఈ విస్లర్ వ్రాసిన దానిలో ఒక పొరపాటును సలీం అలీ ఎత్తిచూపగా, పేరెరుగని ఒక భారతీయుడు తన తప్పు పట్టుటయా అని ఆయన నొచ్చుకొన్నారు. పిదప తమ నమూనాలను మరల పరీక్షించి, తప్పు తమదేనని ఒప్పుకొని, ఆప్తమిత్రుడైనారు. పట్టా లేని పండితునికి ఆయన పరిశీలనయే పట్టా అయినది.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, మైసూరు మొదలగు సంస్థానాలలోను ఇదే విధంగా పనిచేశారు. 1939లో తెహ్మినా బేగం ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం రక్తం విషపూరితమై అకాలమరణం చెందారు. సలీం అలీ మరల వివాహమాడలేదు. ఆ దుఃఖాన్ని పనిలో ముంచివేసి, 1941లో భారతీయ పక్షులపై తమ సుప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించారు.

ఇక మంచు సీమల ముచ్చట. 1945లో ఆయన కైలాస మానససరోవర యాత్ర చేశారు. యాత్రికులు పుణ్యానికి వెళ్ళే చోటికి ఆయన పక్షులకై వెళ్ళారు. అటు పిమ్మట సిక్కిం పక్షులను శోధించి 1962లో గ్రంథం ప్రకటించారు. 1976లో, ఎనభై ఏళ్ళకు చేరువైన వయస్సులో, నల్లమెడ కొంగల స్థితిగతులు తెలుసుకొనుటకు లడఖ్ వెళ్ళారు. మంచుకొండలలో పక్షులను చూచువాడు ఒక సంగతి గ్రహించాలి. శీతకాలాన మంచు వాలులను కప్పివేయగానే గింజ, గడ్డి, పురుగు అన్నీ మరుగున పడతాయి. రామ్ చకోర్ అనే మంచుకోడి వంటి పక్షులు కొండ దిగి దిగువ వాలులకు వస్తాయి. సరస్సులు గడ్డకట్టు చోటి నీటిపక్షులు కొండలనే దాటిపోతాయి. చలి కంటె ఆకలియే వాటిని కదిలిస్తుంది.

టిబెట్టు, లడఖ్ సరస్సుల వద్ద గ్రుడ్లు పెట్టే చారలతల బాతు ఆరువేల మీటర్లకు పైబడిన ఎత్తున కూడ ఎగిరి హిమాలయాన్ని దాటగలదు. పలుచని గాలిలో సైతం ప్రాణవాయువును గట్టిగా పట్టుకొనగల రక్తం దానికి ప్రకృతి ప్రసాదించినది. ఇట్టి ప్రయాణాలను తెలుసుకొనుటకు పక్షుల కాళ్ళకు సంఖ్యలు గల ఉంగరాలు తొడిగే పనిని 1960ల దశకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి సంఘం విరివిగా సాగించింది. సలీం అలీయే దానికి సారథి. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన బాతులు సైబీరియాలో దొరికాయి. ఊహ రుజువైనది.

అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలసి పది సంపుటాల పక్షి గ్రంథాన్ని 1968-74 మధ్య వెలువరించారు. ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1985లో రాజ్యసభకు నామకరణం చేసింది. తమకు లభించిన అంతర్జాతీయ బహుమతి ధనాన్ని ప్రకృతి పరిరక్షణ నిధికి ధారపోశారు. 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడక, అంతరించినదని తలచిన మన కలివికోడిని, 1986 జనవరిలో కడప జిల్లాలో స్థానిక వేటగాని సాయంతో ఆ సంఘపు పరిశోధకుడే మరల కనుగొన్నాడు. ఆ వార్త వినుటకు సలీం అలీ జీవించియున్నారు. 1987 జూన్ 20న, తొంబదేళ్ళ నిండు వయస్సులో బొంబాయిలో కన్నుమూశారు.

ఈ జీవితం మాకు రెండు విషయాలు బోధించినది. పట్టా లేనంత మాత్రాన విద్య లేనట్లు కాదు. అయితే పట్టా లేనివాడు రెట్టింపు శ్రమించవలసి ఉంటుంది. మన విద్యార్థులలో ఫీజు కట్టలేక, కాపురం గడవక నడుమ చదువు మానినవారు కలరు. వారి కొరకే ఈ కథను ప్రత్యేకించి వ్రాసినాము. రెండవది, చూచుట అందరికీ వచ్చునని తలంతుము గాని, అది అభ్యాసంతో వచ్చు విద్య. తెలుగున పిట్ట అన్నను, ఉర్దూలో పరిందా అన్నను, చూచినది చూచినట్లు తేదీతో, స్థలంతో ఆనాడే వ్రాసికొనుటే ఆ విద్యకు మొదటి పాఠం.

కళాశాల సంఘం వారికి మా విన్నపం ఒక్కటే. గ్రంథాలయానికి ఒక బైనాక్యులర్, సలీం అలీ పక్షి గ్రంథం ఒక ప్రతి తెప్పించండి. వచ్చే శీతకాలపు ఆదివారాలలో మేము చెరువుగట్లకు వెళ్ళి, వచ్చిన పక్షులను లెక్కించి, ఆ లెక్కను వచ్చే సంచికలో ప్రకటిస్తాము. మంచుకొండ దాటి వచ్చిన పక్షికి మన చెరువు పూడిపోయి కనిపిస్తే దిగుటకు చోటుండదు. అది వచ్చినదో రాలేదో గమనించేవారైనా ఈ ఊరిలో ఉండాలి కదా!