రాజాజ్ఞకు తలవంచని భక్తిభండారి

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకలోని బాగేవాడి ప్రాంతమున మాదిరాజు, మాదాంబ దంపతులకు జన్మించెను. బాల్యముననే ఉపనయనమును నిరాకరించి కూడలసంగమమున శివోపాసనకు అంకితుడయ్యెను.

పిదప కల్యాణ నగరమున కలచుర్య బిజ్జలుని కొలువులో భండారియై, మంత్రియై రాజ్యభారమును వహించెను. అధికారము చేతనున్నను ఆయన మనస్సు శరణుల నడుమనే నిలిచెను. అల్లమప్రభువు అధ్యక్షత వహించిన అనుభవమంటపమున మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, అక్కమహాదేవి మొదలగువారు కులభేదము, స్త్రీపురుష భేదము లేక ధర్మచర్చ గావించిరి. కాయకమున హెచ్చుతగ్గులు లేవని ఆయన బోధించెను.

ఆ బోధకు కఠినపరీక్ష ఎదురయ్యెను. చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ వంశజుడైన మధువయ్య కుమార్తెకు శరణులు వివాహము జరిపించిరి. లింగధారులకు కులమెక్కడిదని వారి విశ్వాసము. వర్ణధర్మము చెడెనని ఆగ్రహించిన బిజ్జలుడు ఆ తండ్రులిరువురికిని క్రూరదండన విధించినట్లు శరణ సంప్రదాయము చెప్పుచున్నది. బసవేశ్వరుడు ఆ అన్యాయమునకు తలయొగ్గలేదు, ఖడ్గమును చేపట్టలేదు. పదవిని తృణప్రాయముగ విడిచి కూడలసంగమమునకు తరలెను. కల్యాణము కల్లోలమయ్యెను. బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు వచనములను కాపాడుకొనుచు నలుదిక్కులకు చెదరిపోయిరి. 1167 ప్రాంతమున బసవేశ్వరుడు లింగైక్యమొందెను.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించి ఆ మహనీయుని చరితమును తెలుగువారి కందించెను. 2003లో పార్లమెంటు ప్రాంగణమున బసవేశ్వరుని విగ్రహము ప్రతిష్ఠితమయ్యెను. నాడు రాజుతో విభేదించి కొలువు వీడిన మంత్రిని, నేడు జాతి తన శాసనసభ ముంగిట నిలుపుకొనినది. హరళయ్య, మధువయ్యల త్యాగమును మరువక, కులభేదమును విడనాడుటయే ఆయనకు నిజమైన పూజ.