యాభై అడిగితే అయిదు వందలు: సెసీల్ స్టీల్ జీవితం

అమ్మకో నాన్నకో బదిలీ అయి మనం ఏ ఊరికి వెళ్లినా, బజారులో ఒక చికెన్ కొట్టు ఉంటుంది. ఊరు మారితే భాష మారుతుంది, బడి మారుతుంది, కూరలో వేసే మసాలా కూడా మారుతుంది. ఆ కొట్టులో అమ్మే కోడి పేరు మాత్రం గువాహటిలోనైనా గుంటూరులోనైనా బ్రాయిలరే. కేవలం మాంసం కోసం కోళ్లను వందలూ వేలూ ఒకేసారి పెంచి అమ్మడం ఒక వ్యాపారంగా ఎక్కడ మొదలైందని అడిగితే, అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఓషన్ వ్యూ అనే చిన్న ఊరిని చూపిస్తారు. సంవత్సరం 1923. మొదలుపెట్టినది ఏ పెద్ద వ్యాపారస్థుడో శాస్త్రవేత్తో కాదు. 1900లో పుట్టిన సెసీల్ స్టీల్ అనే గృహిణి.

సెసీల్ భర్త డేవిడ్ విల్మర్ స్టీల్. ఆయన కోస్ట్ గార్డులో పనిచేసేవాడు. అంటే వాళ్లది కూడా మనలాగే ప్రభుత్వ జీతంతో నడిచే ఇల్లు. సముద్రం పక్కన ఇసుక నేలలున్న ప్రాంతం అది. ఇంటి ఖర్చులకు కొంత చేయూతగా ఉంటుందని సెసీల్ కొన్ని పెట్టలను పెంచి గుడ్లు అమ్మేది. ఆ రోజుల్లో అక్కడ కోడిని పెంచేది గుడ్ల కోసమే. గుడ్లు పెట్టడం మానేసిన ముసలి పెట్టలను, వసంతకాలంలో మిగిలిపోయిన పుంజుపిల్లలను మాత్రమే మాంసానికి అమ్మేవారు. అందుకే కోడిమాంసం ఏడాది పొడుగునా దొరికేది కాదు, దొరికినప్పుడు చవకా కాదు. మన పల్లెల్లో పండక్కో, అల్లుడు వచ్చినప్పుడో మాత్రమే నాటుకోడిని కోసిన రోజుల గురించి మీ తాతగారిని అడిగితే చెబుతారు. అక్కడా ఇంచుమించు అదే పరిస్థితి.

పెట్టల మందలో ఏటా కొన్ని చనిపోతాయి, కొన్ని ముసలివవుతాయి. వాటి బదులుకు సెసీల్ దగ్గరలోని ఒక హేచరీకి యాభై కోడిపిల్లలు కావాలని చెప్పింది. ఎక్కడో ఒక సున్నా ఎక్కువ పడింది. వచ్చినవి అయిదు వందలు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది అదృష్టం తలుపు తట్టిందని ఒక్క మాటలో దాటేస్తారు. ఒకరోజు వయసున్న అయిదు వందల పిల్లలు ఇంటికి రావడం అదృష్టంలా కనిపించే విషయం కాదు. గుడ్డులోని పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరి ఉంటుంది కనుక రెండు మూడు రోజులు మేత లేకపోయినా అది బతకగలదు. వెచ్చదనం లేకపోతే మాత్రం ఒక్క రాత్రి కూడా గడవదు. యాభై పిల్లలకు సరిపోయే ఏర్పాటు అయిదు వందలకు చాలదు. వెనక్కి పంపేయవచ్చు, ఇరుగుపొరుగుకు పంచిపెట్టవచ్చు. ఉంచుకుంటే చోటు, పొయ్యి, దాణా అన్నీ పదింతలు కావాలి. ఆ ఖర్చంతా ముందే పెట్టాలి, డబ్బు తిరిగి వచ్చేది నెలల తరువాత. అదీ పిల్లలు బతికితేనే. సెసీల్ ఉంచుకుంది.

మొదట వాటిని ఒక ఖాళీ పియానో పెట్టెలో ఉంచిందని చెబుతారు. తరువాత ఒక వడ్రంగి చేత చెక్కలతో చిన్న షెడ్డు కట్టించింది. ఆ షెడ్డు పొడవు 16 అడుగులు, వెడల్పు 16 అడుగులు. మీ తరగతి గది కంటే చిన్నది. 16ను 16తో గుణిస్తే 256 చదరపు అడుగులు. అందులో అయిదు వందల పిల్లలు అంటే ఒక్కో పిల్లకు అర చదరపు అడుగు. మొదటి వారాల్లో అది సరిపోతుంది. ఎదిగిన బ్రాయిలర్ కోడికి ఒక చదరపు అడుగు కావాలని ఇప్పటి రైతులు లెక్క వేస్తారు. ఆ లెక్కన ఆమె షెడ్డు ఇరుకైనదే.

షెడ్డులో బొగ్గుతో మండే పొయ్యి పెట్టింది. తల్లికోడి రెక్కల కింద పిల్లలకు దొరికే వెచ్చదనాన్ని ఆ పొయ్యి ఇవ్వాలి. దీన్నే బ్రూడింగ్ అంటారు. మొదటి వారం పిల్లల దగ్గర వేడి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఈకలు వచ్చేకొద్దీ వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. చలేస్తే పొయ్యి దగ్గర ఒకదానిమీద ఒకటి పడి గుంపుకడతాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. వేడి ఎక్కువైతే గోడల వైపు పారిపోయి నోళ్లు తెరుచుకుని నిలబడతాయి. షెడ్డంతా సమంగా పరుచుకుని కిచకిచమంటూ మేత ఏరుకుంటున్నాయంటే వేడి సరిగ్గా ఉందన్నమాట. బొగ్గు పొయ్యి విద్యుత్ దీపంలాంటిది కాదు. రాత్రి నిద్రలో అది ఆరిపోతే తెల్లారేసరికి సగం మంద పోతుంది. అర్ధరాత్రి లేచి బొగ్గు వేయాల్సిందే. మందను బతికించేది ఆ నిద్ర చెడిన రాత్రులే.

ఇంకో విషయం కూడా ఆ కాలంలో కలిసొచ్చింది. అంతకుముందు కోడిపిల్లలను ఎక్కువ రోజులు షెడ్డులోపలే ఉంచితే కాళ్లు వంకరపోయి కూలబడేవి. ఎండ తగలకపోవడమే కారణం. కాడ్ అనే చేప కాలేయం నుంచి తీసిన నూనెను మేతలో కలిపితే ఆ జబ్బు రాదని 1920ల మొదట్లో తేలింది. అందులో ఉన్నది విటమిన్ డి. మీకు జీవశాస్త్రంలో రికెట్స్ పాఠం వచ్చినప్పుడు కోడిపిల్లలను కూడా గుర్తు చేసుకోండి. ఈ సంగతి తెలియడంతో చలికాలంలోనూ షెడ్డులో కోళ్లు పెంచే వీలు కలిగింది.

పద్దెనిమిది వారాలు గడిచాయి. అయిదు వందలలో మిగిలినవి 387. అంటే 113 చనిపోయాయి, నూటికి ఇంచుమించు ఇరవై మూడు. ఇప్పుడు నూటికి అయిదు పోతేనే మన రైతు కంగారుపడి పశువైద్యుని దగ్గరకు పరుగెత్తుతాడు. ఆ రోజుల్లో పిల్లలకు చలి, ఇరుకుతో పాటు తెల్ల విరేచనాల జబ్బు, రక్త విరేచనాలు తెచ్చే కాక్సీడియోసిస్ పెద్ద శత్రువులు. వాటికి ఇప్పుడున్న మందులు అప్పుడు లేవు. మన దగ్గర కొక్కెర తెగులు అనే జబ్బుకు ఇంగ్లీషులో రాణీఖేత్ అనే పేరు ఉంది. కుమావూ కొండల్లోని ఆ సైనిక పట్టణంలో మీలో ఎవరైనా ఉండి ఉంటే ఆ పేరు చూసి ఆశ్చర్యపోతారు. 1920ల చివరలో మన దేశంలో ఆ జబ్బును అక్కడ గుర్తించడంతో ఊరి పేరే జబ్బుకు స్థిరపడింది. పాపం, ఊరు చేసిన తప్పేమీ లేదు.

మిగిలిన 387 కోళ్లు ఒక్కోటి రెండు పౌండ్లకు పైన, అంటే సుమారు కిలో తూగాయి. పౌండు 62 సెంట్ల చొప్పున అమ్ముడుపోయాయి. కోడికి రెండు పౌండ్లే లెక్క వేసినా 387ను రెండుతో గుణిస్తే 774 పౌండ్లు. దాన్ని 62 సెంట్లతో గుణిస్తే దాదాపు 480 డాలర్లు. ఇది రాబడి, లాభం కాదు. పిల్లల ఖరీదు, దాణా, బొగ్గు, షెడ్డు కట్టించిన ఖర్చు ఇందులోంచి తీసేయాలి. చనిపోయిన 113 పిల్లల ఖరీదు, అవి చనిపోయేలోగా తిన్న దాణా ఖర్చు కూడా బతికినవాటి మీదే పడుతుంది. కోళ్ల ఫారం పెట్టినవాళ్లు మొదట మరిచిపోయే లెక్క ఇదే. ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా దాణాకే పోతుంది. అన్నీ పోగా సెసీల్‌కు మంచి లాభమే మిగిలింది. గుడ్ల కోసం ఏడాదంతా ఎదురుచూసే బదులు, నాలుగు నెలల్లో మంద మొత్తం అమ్మేసి, షెడ్డు ఖాళీ చేసి, శుభ్రం చేసి మళ్లీ పిల్లలను దింపవచ్చని తేలిపోయింది.

మరుసటి ఏడాది 1924లో ఆమె వెయ్యి పిల్లలను తెప్పించింది. ఈసారి పొరపాటు కాదు, అడిగే తెప్పించింది. మొదటి సంవత్సరం లాభం చూసి ఒక్కసారిగా పదివేలకు దూకలేదు. రెట్టింపు మాత్రమే చేసింది. విల్మర్ కూడా వెంటనే ఉద్యోగం వదల్లేదు. కోళ్ల పని ఒక మనిషికి మించిపోయాక, 1926లో కోస్ట్ గార్డు నుంచి బయటికొచ్చి భార్యతో కలిశాడు. ఆ మూడేళ్లూ జీతం ఇంటికి వస్తూనే ఉంది కనుక ఒక బ్యాచ్ దెబ్బతిన్నా పొయ్యి మీద కుండ ఆగిపోయేది కాదు. 1926కు వాళ్ల షెడ్లు పదివేల కోళ్లు పట్టేంతయ్యాయి. ఆ తరువాత రెండేళ్లలో సంఖ్య పాతికవేలు దాటింది.

ఆ కాలపు ఫొటో ఒకటి చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వరుసగా చిన్న చిన్న కోళ్ల షెడ్లు, వాటి ముందు కోళ్లను చూసుకునే ఐక్ లాంగ్ అనే మనిషి, పక్కన స్టీల్ దంపతుల పిల్లలు. సెసీల్ మాత్రం అందులో లేదు.

ఈ సంగతి ఇరుగుపొరుగుకు తెలియకుండా ఉంటుందా? చుట్టుపక్కల రైతులు ఒక్కొక్కరే షెడ్లు వేశారు. ఆ ప్రాంతానికి ఉన్న అనుకూలత కూడా పెద్దదే. నేల ఇసుకది కనుక షెడ్డు చుట్టూ నీరు నిలవదు, చలి మరీ తీవ్రం కాదు, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ వంటి మహానగరాలు ట్రక్కు వెళ్లేంత దూరంలో ఉన్నాయి. న్యూయార్క్‌లోని యూదులు తమ మతాచారం ప్రకారం కోయించుకోవడానికి బతికున్న కోళ్లనే కొనేవారు. కోళ్లు చచ్చిపోకుండా, బరువు తగ్గకుండా అంత దగ్గరి నుంచి చేరవేయడం తేలిక. ఫారం పెట్టేముందు కొనేవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవాలని మన దగ్గర పెద్దలు చెప్పేది ఇందుకే.

అందరూ పెంచడం మొదలుపెట్టాక ధర నిలవలేదు. 1923లో 62 సెంట్లు పలికిన పౌండు 1930ల మధ్యకు 20 సెంట్లకు అటూ ఇటూగా దిగింది. కొనేవాళ్లకు అది సంతోషమే, పండగ తిండి కాస్తా మామూలు తిండి అయింది. పెంచేవాళ్లు మాత్రం మొదట్లో వందల కోళ్ల మీద సంపాదించినదాన్ని ఇప్పుడు వేల కోళ్ల మీద సంపాదించాలి. మరికొన్నేళ్లకు అక్కడ కంపెనీలే పిల్లలను, దాణాను ఇచ్చి రైతు చేత పెంచుబడి చేయించే పద్ధతి వచ్చింది. ఇవాళ తెలంగాణలో, ఆంధ్రలో రోడ్డు పక్కన కనిపించే పొడవాటి షెడ్లలో చాలావాటిలో జరిగేది అదే. రైతుకు పెంపకం కూలి కిలోకు ఇంత అని దక్కుతుంది. ధర పడిపోయిన నష్టం కంపెనీది, ధర పెరిగిన లాభమూ కంపెనీదే. సెసీల్ తన పిల్లలను తనే కొంది, తన దాణా తనే కొంది, కనుక లాభనష్టాలు రెండూ ఆమెవే. వీటిలో ఏది మేలని మా ఊళ్లో ఇద్దరు రైతులను అడిగితే మూడు జవాబులు వస్తాయి.

ఆమెకు పద్దెనిమిది వారాలు పట్టిన పనికి ఇప్పుడు ఆరు వారాలు చాలు, కోడి రెండు కిలోలు తూగుతుంది. జాతులు మారాయి, దాణా మారింది, టీకాలు వచ్చాయి.

ఆ మార్పులు చూసేదాకా సెసీల్ బతకలేదు. కోళ్ల మీద వచ్చిన డబ్బుతో ఆ దంపతులు ఒక పడవ కొనుక్కున్నారు. 1940లో మేరీలాండ్‌లోని ఓషన్ సిటీ తీరం దగ్గర ఆ పడవలో పేలుడు జరిగి ఇద్దరూ చనిపోయారు. ఆమె వయసు అప్పటికి నలభై.

పదహారు అడుగుల ఆ చెక్క షెడ్డు ఇంకా ఉంది. దాన్ని జార్జ్‌టౌన్‌లో ఉన్న డెలావేర్ విశ్వవిద్యాలయ వ్యవసాయ పరిశోధనా క్షేత్రానికి తరలించారు. 1974లో అమెరికా ప్రభుత్వం దాన్ని దేశ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో కోటలు, భవంతులు, యుద్ధభూములు ఉన్నాయి. వాటి పక్కనే ఈ కోళ్ల గూడు.