పంటిపురుగును వెదకిన వైద్యుడు

పన్ను నొప్పి పుట్టినపుడు పురుగు పట్టినదని పెద్దలు అనుట మీరు వినియే యుందురు. వాకుడు గింజల పొగ పట్టి ఆ పురుగును రాల్చు వాడుకయు మన పల్లెలలో ఉండెడిది. ఈ నమ్మకము మనకు మాత్రమే పరిమితము కాదు. ప్రాచీన బాబిలోనియావారు దీనిని మట్టిపలకలపై వ్రాసియుంచిరి. ఐరోపావారును బహుకాలము నమ్మిరి. ఆ పురుగు నిజముగా ఉన్నదా యని వెదకి చూచిన ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ చరిత్రమును మా చదువరులకు తెలుప నెంచితిమి.

ఫోషార్ 1678 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున నౌకాదళమున చేరి, పోత్‌లరే అను శస్త్రవైద్యునికి శిష్యుడయ్యెను. నెలల తరబడి సముద్రముపై తాజా కూరలు, ఫలములు లేక నావికులకు స్కర్వీ వ్యాధి సోకెడిది. చిగుళ్లు వాచి, నెత్తురు కారి, దంతములు ఊడెడివి. ఆ బాధను కన్నులార చూచిన ఫోషార్ దంతవైద్యమునే తన వృత్తిగా గైకొనెను. ఆంజే పట్టణమున పేరు గడించి, 1719 ప్రాంతమున పారిస్ నగరము చేరెను.

ఆ కాలమున పన్ను పెరుకుట వీధివేడుకగా నుండెడిది. పారిస్‌లోని పోన్ నెఫ్ వంతెనపై మోసగాండ్రు గుమిగూడెడివారు. ముందుగా కూలికి కుదుర్చుకొన్న మనుజుడు రోగివలె వచ్చి కూర్చుండును. కోడినెత్తురుతో పలుచని పొరలో చుట్టిన పంటిని వైద్యుడు వాని నోటిలో జారవిడుచును. వాడు దానిని నెత్తురుతో ఉమియగా, నొప్పి లేకయే పన్ను ఊడెనని జనులు భ్రమింతురు. ఫోషార్ ఈ మోసమును తన గ్రంథమున బయటపెట్టెను. తోడి వైద్యులు మెలకువలను దాచుకొనుచుండ, ఆయన తాను నేర్చినది రెండు సంపుటములుగా 1728లో ప్రకటించెను. పుచ్చును గీకి తగరము, సీసము, బంగారురేకులతో పూడ్చు విధమును అందు వివరించెను.

పుచ్చిన పండ్లను ఆయన సూక్ష్మదర్శినితో పరీక్షించెను. పురుగు కానరాలేదు. తీపి మిక్కిలిగా తినువారి పండ్లు చెడునని హెచ్చరించెను. ఆయన పొరబడిన సంగతులును లేకపోలేదు. పంటిబాధకు స్వమూత్రముతో పుక్కిలింపుమని చెప్పెను! అయినను నమ్మకమును కంటితో పరీక్షింపవలెనను మార్గమును చూపెను. 1761లో ఆయన పారిస్‌లో మరణించెను.

పుచ్చునకు అసలు కారణము తెలియుటకు మరి నూరేండ్లకు పైగా పట్టెను. బెర్లినులో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు మిల్లర్ 1890లో దానిని విశదపరచెను. పండ్లపై పట్టు పాచిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కలవు. అవి పంటిని కొరికి తినవు. మనము తిన్న తీపిని, పిండిపదార్థమును తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటిపై నున్న గట్టి పింగాణి పొరలోని కాల్షియం లవణములను కరగించును. లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. కాని మాటిమాటికి తీపి తినుచుండినచో దానికి వ్యవధి చాలదు. అపుడు గుంట ఏర్పడి లోపలికి దిగును. పింగాణి పొరయందు నరములు లేవు. కావుననే మొదట నొప్పి తెలియదు. నొప్పి తెలియునప్పటికి పుచ్చు లోతునకు పోయియుండును.

బాలబాలికలారా! రాత్రి పరుండుటకు ముందును పండ్లు తోముకొనుడు. తలిదండ్రులును పాలపండ్లు ఎట్లైనను ఊడునవే యని ఉపేక్షింపరాదు. నల్లని మచ్చ కనబడిననాడే బిడ్డను దంతవైద్యునికి చూపవలెనని మా మనవి. లేని పురుగుకై పొగ పట్టుచు గడపిన దినములలో ఉన్న గుంట పెరుగుచునే యుండును.