పక్క గదిలోంచి పాట

ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి మన హాస్టల్ కారిడార్‌లో ఒక రౌండ్ వేసి చూడండి. సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటాయి. వాళ్లలో చాలామందికి ఒకే పాట లూప్‌లో తిరుగుతుంటుంది. ఇరవైసార్లు విన్నా విసుగు రాదా అని అడిగితే, ఏమోరా, బుర్ర కాస్త కుదుటపడుతుంది అంటారు.

ఇదే అలవాటు దాదాపు మూడొందల ఏళ్ల కింద ఒక రాజుగారికి ఉండేది. అప్పట్లో ఫోన్లు లేవు కాబట్టి ఆ లూప్‌లో తిరిగింది ఒక మనిషి. అతని పేరు ఫారినెల్లి. ఆనాటి యూరప్‌లో అంత పేరున్న గాయకుడు ఇంకొకడు లేడంటే అతిశయోక్తి కాదు.

అసలు పేరు కార్లో బ్రోస్కి. 1705 జనవరి 24న దక్షిణ ఇటలీలోని ఆండ్రియా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి సంగీతం తెలిసినవాడు, అన్న రికార్డో ఆపెరాలకు సంగీతం కట్టేవాడు. పిల్లాడి గొంతు బావుందని ఇంట్లో తొందరగానే కనిపెట్టారు. దానివల్ల అతని బతుకు బాగుపడిందో పాడైందో నాకైతే ఇప్పటికీ తేలలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఇటలీలో బాగా పాడే మగపిల్లలకు యుక్తవయసు రాకముందే వృషణాలు పనిచేయకుండా ఆపరేషన్ చేయించేవాళ్లు. దాంతో గొంతు ముదరదు. ఛాతీ, ఊపిరితిత్తులు మాత్రం పెద్దవాళ్లలాగే పెరుగుతాయి. పసిపిల్లాడి గొంతుకి పెద్దమనిషి ఊపిరి తోడన్నమాట. ఇలాంటి గాయకుల్ని కాస్ట్రాటోలు అనేవారు. బయటికి చెప్పుకోలేని పని కాబట్టి గుర్రం మీంచి పడ్డాడనో, ఇంకేదో దెబ్బ తగిలిందనో కథ అల్లేవారు. కార్లో విషయంలో చెప్పింది గుర్రం కథే. ఆ వయసు పిల్లాణ్ణి అడిగి చేసే పని కాదది.

నేపుల్స్‌లో పోర్పోరా అనే గురువు దగ్గర చదువు. 1720లో, పదిహేనేళ్ల వయసులో, నలుగురి ముందూ పాడాడు. ఆరోజు పాడిన రచన మెటస్టాసియో అనే కుర్ర కవిది. ఇద్దరికీ అదే ఆరంభం కాబట్టి జీవితాంతం ఒకరినొకరు కవల సోదరుడా అనే పిలుచుకున్నారు. తర్వాత రోమ్‌లో ఒక ట్రంపెట్ వాద్యకారుడితో రోజూ పోటీపడి, ఊపిరి నిలపడంలో అతణ్ణి ఓడించాడని చెబుతారు. ఫారినెల్లి ప్రత్యేకత ఒకటుంది. ఒకే స్వరాన్ని దారంలా సన్నగా మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచి, మళ్లీ అంతే మెల్లగా తగ్గించి వదిలేయడం, అదంతా ఒకే ఊపిరిలో. మన సిగ్నల్స్ ల్యాబ్ భాషలో ఫ్రీక్వెన్సీ కదలదు, యాంప్లిట్యూడ్ మాత్రం పెరిగి తగ్గుతుంది. ల్యాబ్‌లో స్క్రీన్ మీద చూస్తే ఏమీ అనిపించదు గానీ, అప్పట్లో దానికి జనం ఊగిపోయేవారట. 1734లో లండన్ వెళ్లి హాండెల్‌కి పోటీగా ఉన్న కంపెనీలో మూడు సీజన్లు పాడాడు. డబ్బు, పేరు, విరగబడే జనం, అన్నీ చూశాడు. ఇక్కడితో ఆగి ఉంటే ఒక పెద్ద గాయకుడి జీవితం, అంతే.

కథ మలుపు తిరిగింది 1737లో, స్పెయిన్‌లో.

అక్కడ రాజు ఐదో ఫిలిప్. ఫ్రాన్స్‌ని ఏలిన పద్నాలుగో లూయీకి మనవడు. 1700లో, ఇంకా పదిహేడు కూడా నిండకుండానే, స్పెయిన్ గద్దె అతనికి దక్కింది. ఆ గద్దె కోసం యుద్ధాలూ జరిగాయి. కానీ లోపల మనిషి మాత్రం కూలిపోతూ వచ్చాడు. 1724లో రాజ్యం కొడుక్కి అప్పగించి పక్కకి తప్పుకున్నాడు. ఆ కొడుకు అదే ఏడు మశూచితో చనిపోయాడు. మళ్లీ బరువంతా తన నెత్తినే. రాత్రిని పగలు చేసుకున్నాడు. మంత్రులు అర్ధరాత్రి దాటాక పనులు విన్నవించుకోవాల్సి వచ్చేది. రోజుల తరబడి మంచం దిగడు, బట్టలు మార్చడు, గోళ్లు తీయనివ్వడు. తనను తాను కప్పననుకున్న రోజులూ ఉన్నాయని రాశారు. ఇప్పుడైతే డిప్రెషన్ అనో బైపోలార్ అనో డాక్టర్ ఒక మాట చెప్పేవారేమో. అప్పుడు చెప్పిందల్లా దిగులు రోగం అని.

రాణి ఎలిసబెత్ ఇటలీలోని పార్మా ఆడపడుచు. వైద్యులు చేతులెత్తేశాక ఫారినెల్లిని పిలిపించిందామె. ఆమె తెలివి ఇక్కడే కనబడుతుంది. గాయకుణ్ణి తిన్నగా రాజు ముందు నిలబెట్టలేదు. రాజు పడుకున్న గదికి ఆనుకుని ఉన్న గదిలో కచేరీ పెట్టించింది. వినమని ఎవరూ అడగలేదు, బాగుపడమని ఎవరూ బతిమాలలేదు. గోడవతల ఎవరో పాడుకుంటున్నారు, అంతే. రాజు మొదట ఉలిక్కిపడ్డాడు, తర్వాత కదిలిపోయాడు, చివరికి ఆ పాడేదెవరో లోపలికి రమ్మన్నాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఫారినెల్లి బంగారం అడగలేదు. మంచం దిగి, గడ్డం గీయించుకుని, మంత్రుల సమావేశానికి వెళ్లమని అడిగాడు. రాజు వెళ్లాడు. ఈ సంగతి తర్వాత చార్లెస్ బర్నీ అనే ఇంగ్లీషు సంగీత చరిత్రకారుడు పుస్తకానికెక్కించాడు.

సినిమాలో అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. నిజానికి అసలు కథ ఇక్కడే మొదలైంది.

రాజుకి ఆ పాట రోజూ కావాల్సి వచ్చింది. లండన్‌లో ఉన్న ఒప్పందాలు పక్కనపెట్టి ఫారినెల్లి ఉండిపోయాడు. అప్పటికి అతని వయసు 32. ఆ తర్వాత మళ్లీ ఏ నాటకశాలలోనూ టికెట్ కొన్న జనం ముందు పాడలేదు. రాత్రి పొద్దుపోయాక రాజు దగ్గరికి వెళ్లడం, పాడటం. అవే నాలుగు పాటలు తిప్పితిప్పి పాడానని ముసలితనంలో బర్నీకి చెప్పాడట. మాడ్రిడ్‌లో ఉన్న ఇంగ్లండ్ రాయబారి కీన్ లెక్క ప్రకారం ఐదు. ఫారినెల్లి స్వయంగా 1738లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో మాత్రం రాత్రికి ఎనిమిదీ తొమ్మిదీ పాడుతున్నాననీ, విశ్రాంతి అన్నది లేదనీ ఉంది. లెక్క ఏదైనా కానివ్వండి, 1746లో రాజు చనిపోయేదాకా దాదాపు తొమ్మిదేళ్లు అదే పని. మనకి నాలుగు నెలల సెమిస్టరే యుగంలా అనిపిస్తుంది.

మరి రాజుకి నయమైందా? లేదు. కీన్ రాసినదాన్ని బట్టి, కచేరీ అయిపోయాక రాజు తానే ఆ పాటలు ఒకదాని తర్వాత ఒకటి పాడబోయి, అరుపుల్లోకి ఊళల్లోకి దిగేవాడు. ఆ అవస్థ బయటివాళ్ల కంట పడకుండా దాచడానికి నానా తంటాలు పడేవారు. అంటే పాట జబ్బుని తీసేయలేదు. ఒక రాత్రిని దాటించింది, మర్నాడు ఇంకో రాత్రిని దాటించింది. తొమ్మిదేళ్లపాటు అలా దాటించడం చిన్న విషయమని నేననుకోను. అలాగని దాన్ని వైద్యం అనడానికీ నోరు రాదు.

తర్వాత వచ్చిన ఆరో ఫెర్డినాండ్, రాణి బార్బరా ఇద్దరికీ సంగీతమంటే ప్రాణం. ఆమె గురువు స్కార్లట్టి. ఈ కాలం ఫారినెల్లికి బాగా కలిసొచ్చింది. ఆస్థానంలో ఆపెరాలన్నీ అతని చేతుల మీదే నడిచాయి. అరన్హువెజ్ దగ్గర టేగస్ నది మీద రాజదంపతుల కోసం పడవల విహారాలు, వాటిలో పాటలు ఏర్పాటు చేశాడు. 1750లో కలత్రావా వీరబిరుదు అందుకున్నాడు. ఇంత పలుకుబడి ఉండీ రాజకీయాల్లో వేలు పెట్టలేదని అందరూ మెచ్చుకున్నారు.

1758లో బార్బరా చనిపోయింది. ఫెర్డినాండ్ తండ్రి దారిలోనే, ఇంకా వేగంగా, మతి తప్పాడు. విల్యావిసియోసా కోటలో తలుపులు మూసుకుని, తిండీ నిద్రా మానేసి ఏడాది తిరక్కుండానే పోయాడు. ఈసారి ఏ పాటా అతణ్ణి వెనక్కి తేలేకపోయింది. కొత్త రాజు మూడో కార్లోస్‌కి సంగీతం పట్టదు. పెన్షన్ ఇచ్చి ఫారినెల్లిని పంపేశాడు.

బొలోన్యా ఊరి బయట ఇల్లు కట్టుకున్నాడు. గోడల నిండా తనను ఆదరించిన రాజుల, రాణుల బొమ్మలు. 1770లో పద్నాలుగేళ్ల మోట్సార్ట్ తండ్రితో కలిసి వచ్చి చూసిపోయాడు. అదే ఏడు బర్నీ వచ్చాడు. అప్పటికి ఫారినెల్లి పాడటం మానేసి చాలా కాలమైంది. తన వాద్యాలకు చిత్రకారుల పేర్లు పెట్టుకున్నాడు, ఒకటి రఫాయెల్, ఒకటి కొరేజియో. ఆ రెండోది రాణి బార్బరా ఇచ్చింది. ఎవరి నిద్ర కోసమూ కాకుండా, ఎవరి దిగులు కోసమూ కాకుండా, రోజూ వాటి దగ్గర కూర్చుని తనకి తోచింది వాయించుకునేవాడు.

1782 ఏప్రిల్‌లో వియన్నాలో మెటస్టాసియో పోయాడు. ఐదు నెలలకి, సెప్టెంబర్ 16న, ఫారినెల్లి.

ఆ గొంతు ఎలా ఉండేదో వినే దారి లేదు. 1994లో అతని మీద సినిమా తీసినప్పుడు అలా పాడగలిగేవాళ్లు దొరక్క, ఒక ఆడగొంతునీ ఒక మగగొంతునీ తీసుకుని పారిస్‌లోని ఇర్కామ్ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద ఒకటిగా కలిపారు. ఈ రాత్రికి లూప్‌లో ఇంకేమీ లేకపోతే అది పెట్టుకుని చూడండి. వాల్యూమ్ తగ్గించి, వీలైతే పక్క గదిలోంచి.