పళ్ళేలు తిప్పిన మాస్టారు

హార్డ్ డిస్క్ కనిపెట్టింది ఎవరంటే మా క్లాసులో అందరం ఐబీఎం అనేస్తాం. దాని వెనకున్న మనిషి పేరు మొన్నటిదాకా నాకూ తెలీదు. రేనాల్డ్ జాన్సన్. ఒకప్పటి బడిపంతులు!

1906లో అమెరికాలోని మిన్నెసోటాలో పుట్టారు. మిషిగన్‌లో హైస్కూల్ సైన్స్ మాస్టారుగా చేశారు. చిన్నప్పుడు ఇంటికొచ్చే కుర్రాళ్ళ కార్ల స్పార్క్ ప్లగ్గుల మీద పెన్సిల్ గీతలు గీసి, బళ్ళు కదలకుండా చేసేవారట. పెన్సిల్ గీతలో కరెంటు పారుతుందన్న ఆ అల్లరి జ్ఞానంతోనే జవాబుపత్రాలు దిద్దే యంత్రం తయారుచేశారు. అది చూసి 1934లో ఐబీఎం ఉద్యోగమిచ్చింది.

1952లో ఆయన్ని శాన్ హోసేకి పంపి కొత్త ల్యాబ్ పెట్టమన్నారు. 1956లో అక్కణ్ణుంచే రామాక్ వచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు 50, నిమిషానికి 1200 చుట్లు, బరువు దాదాపు టన్ను. పట్టేది మాత్రం 50 లక్షల అక్షరాలే! తల పళ్ళేన్ని తాకకుండా మధ్యలోకి గాలి ఊదేవారు.

ఇది చదివాక మా ఇంటి డెస్క్‌టాప్ గుర్తొచ్చి భయమేసింది. తాతయ్య ఫొటోలన్నీ అందులోని రెండో డిస్కులోనే ఉన్నాయి. కరెంటు ఆదా అని 3 నిమిషాలకే అది ఆగిపోయేలా పెట్టింది నేనే. ఏదో ఒక ప్రోగ్రాం లేపుతూనే ఉంటుంది, అది టక్కుమని మళ్ళీ తిరుగుతుంది. ఆగిన ప్రతిసారీ తల పక్కకి తప్పుకోవాలి, లేచిన ప్రతిసారీ మోటారు మొదట్నుంచీ లాగాలి.

లెక్క వేశాను. రోజుకి 100 సార్లంటే ఏడాదికి 36,500. చాలా డెస్క్‌టాప్ డిస్కులకి కంపెనీలు రాసే హద్దు 50,000. అంటే ఏడాదిన్నర కూడా పట్టదు! ఆదా అయ్యేదేమో నాలుగైదు వాట్లు.

ఇప్పుడు పవర్ ఆప్షన్స్‌లో 30 నిమిషాలు పెట్టాను. విండోస్ ఉన్న డిస్క్ అస్సలు ఆపక్కర్లేదు. గంటల తరబడి ముట్టుకోని బ్యాకప్ డిస్కుని మాత్రం 10, 20 నిమిషాలకి ఆపినా నష్టం లేదు. ఎస్ఎస్‌డీకైతే ఈ గొడవే లేదు, అందులో తిరిగేదేమీ ఉండదు కదా.

జాన్సన్ గారు 1971లో రిటైరయ్యారు. 90కి పైగా పేటెంట్లు, 1986లో అమెరికా జాతీయ టెక్నాలజీ పతకం. 1998లో, 92 ఏళ్ళ వయసులో పోయారు.

పోయిన ఆదివారం నాన్నా నేనూ కూర్చుని తాతయ్య ఫొటోలు ఇంకో డిస్కులోకి కూడా కాపీ చేశాం. సెట్టింగ్ ఎంత బాగున్నా డిస్క్ ఏదో ఒకరోజు ఆగిపోయేదే. మీ ఇంట్లో ఎన్ని నిమిషాలుందో ఈ రాత్రే ఓసారి చూడండి.